ఐదు నక్షత్రాల కుర్రాళ్లు, ఆగిపోయిన బ్యానర్లు: కెంటకీ అభిమానుల కోపం వెనక

2024 మార్చి 21 రాత్రి పిట్స్‌బర్గ్‌లో, అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్‌లో, జాక్ గోల్కీ అనే ఆటగాడు వేసిన ప్రతి షాటూ మూడు పాయింట్ల గీత వెనక నుంచే వేశాడు. ఇరవై వేస్తే పది పడ్డాయి. గీత దాటి లోపలికొచ్చి ఒక్క షాట్ కూడా ప్రయత్నించలేదు. అంతకుముందు అతను ఆడింది హిల్స్‌డేల్ అనే డివిజన్ టూ, అంటే రెండో శ్రేణి, కాలేజీకి. ఆ సీజన్‌కే మిషిగన్‌లోని ఓక్లండ్ యూనివర్సిటీకి మారాడు. ఎదురుగా ఉన్నదేమో ఎనిమిది సార్లు జాతీయ చాంపియన్ అయిన కెంటకీ యూనివర్సిటీ. గోల్కీ ఏం చేస్తాడన్నది రహస్యం కాదు, సీజన్ పొడవునా అతను చేసింది అదే. తెలిసీ ఆపలేకపోయారు. ఓక్లండ్ 80, కెంటకీ 76.

ఆ రాత్రి కెంటకీ జట్టులో రీడ్ షెపర్డ్, రాబ్ డిల్లింగ్‌హామ్ అనే ఇద్దరు తొలి ఏడాది కుర్రాళ్లు ఉన్నారు. మూడు నెలలు తిరగ్గానే, వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒకరు 3వ స్థానంలో, ఇంకొకరు 8వ స్థానంలో ఎంపికయ్యారు. ఓక్లండ్ మీద మాత్రం ఇద్దరూ కలిసి చేసింది 13 పాయింట్లు. జట్టును ఆఖరిదాకా మోసింది ఇల్లినాయ్ స్టేట్ నుంచి వచ్చి చేరిన ఐదో ఏడాది ఆటగాడు ఆంటోనియో రీవ్స్. అతనివి 27. కెంటకీ అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్న విషయమంతా ఆ ఒక్క స్కోరు పట్టికలో ఉంది.

ఒక్క ఓటమికే ఇంత రభసా అనిపించవచ్చు. 68 జట్ల టోర్నమెంట్ అది, ఒక్కసారి ఓడితే ఇంటికే. అమెరికా ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్లు మార్చి నెలలో ఏ మ్యాచ్ ఎవరు గెలుస్తారో ఊహించి సరదాకి బ్రాకెట్ నింపి, రెండో రోజుకే చింపేసిన అనుభవం చాలామందికి ఉంటుంది. అంచనాలు తలకిందులు కావడమే ఆ టోర్నమెంట్ అందం. కానీ కెంటకీకి అది మొదటిసారి కాదు. రెండేళ్ల ముందు, 2022లో, జెర్సీ సిటీలోని సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ చేతిలో ఓవర్‌టైమ్‌లో 85–79తో ఓడింది. కెంటకీ రెండో సీడ్, వాళ్లు పదిహేనో సీడ్. ఆ ఏడాది దేశంలోకెల్లా మేటి ఆటగాడిగా నిలిచిన ఆస్కర్ చీబ్వే కెంటకీవాడే. ఆ మ్యాచ్‌లో 30 పాయింట్లు, 16 రీబౌండ్లు చేశాడు. అయినా ఓడారు. దానికి ముందు, 2020–21లో, 9 గెలుపులు, 16 ఓటములు. 1926–27 తర్వాత ఆ కాలేజీ అంత పేలవంగా ఆడిన సీజన్ లేదు. 2020 నుంచి 2024 దాకా కలిపి చూస్తే టోర్నమెంట్‌లో కెంటకీ గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, 2023లో ప్రావిడెన్స్ మీద. 2020లో కోవిడ్ వల్ల టోర్నమెంటే జరగలేదన్న సంగతి పక్కన పెట్టినా ఇది చిన్న లెక్క కాదు.

ఈ కోపానికి వేళ్లు ఎక్కడున్నాయో తెలియాలంటే ఆ రాష్ట్రం సంగతి కొంత తెలియాలి. కెంటకీ జనాభా సుమారు 45 లక్షలు. అక్కడ ఎన్‌బీఏ జట్టు లేదు, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టూ లేదు. ఒకప్పుడు లూయివిల్‌లో కెంటకీ కర్నల్స్ అని, ఎన్‌బీఏకు పోటీగా నడిచిన ఏబీఏ లీగ్‌లో ఆడే జట్టు ఉండేది. 1976లో ఆ లీగ్ ఎన్‌బీఏలో కలిసినప్పుడు కర్నల్స్‌కు అందులో చోటు దొరకలేదు, జట్టు మూతపడింది. సరిగ్గా అదే ఏడాది లెక్సింగ్టన్‌లో 20 వేల మందికి పైగా పట్టే రప్ ఎరీనా తెరుచుకుంది. రాష్ట్రం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క సొంత ఆట అక్కడ ఆడే కాలేజీ జట్టుదన్నట్టు తయారైంది. లూయివిల్ యూనివర్సిటీ అభిమానులు ఈ మాటకు ఒప్పుకోరు, అది వేరే తగువు. అక్టోబర్‌లో సీజన్ తొలి ప్రాక్టీసు చూడ్డానికి టికెట్ల కోసం జనం గుడారాలు వేసుకుని పడిగాపులు కాసిన ఊరది. మ్యాచ్‌కు కూడా కాదు, ప్రాక్టీసుకి.

1930 నుంచి 1972 దాకా కోచ్‌గా ఉన్న అడాల్ఫ్ రప్ నాలుగు టైటిళ్లు తెచ్చాడు. తర్వాత జో బి. హాల్ 1978లో, రిక్ పిటీనో 1996లో, టబ్బీ స్మిత్ 1998లో, జాన్ కాలిపారి 2012లో ఒక్కొక్కటి. టైటిల్‌కొకటి చొప్పున ఎనిమిది బ్యానర్లు పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. కింద ఆడే ప్రతి జట్టునూ వాటి పక్కన నిలబెట్టి కొలుస్తారు.

ఇక రిక్రూటింగ్. కాలేజీ జట్టుకు వేలం లేదు, డ్రాఫ్ట్ లేదు. హైస్కూల్ కుర్రాడి ఇంటికి కోచ్ వెళ్లాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి, క్యాంపస్‌కు పిలిపించి తిప్పి చూపించాలి, స్కాలర్‌షిప్ ఇస్తామనాలి. ఎండాకాలం టోర్నమెంట్లలో ఈ పిల్లల ఆట చూసి మార్కులు వేసే సంస్థలున్నాయి. అందరికన్నా పైనున్న పాతిక, ముప్ఫై మందికి ఐదు నక్షత్రాలు ఇస్తారు. నవంబర్‌లో మొదటి మ్యాచ్ మొదలవకముందే ఈ నక్షత్రాల లెక్కతో ఏ కాలేజీ ‘గెలిచిందో’ తేలిపోతుంది. అభిమానికి ఇదో రెండో సీజన్. ఇందులో ఓటములు తక్కువ, ఆశలు ఎక్కువ.

2005లో ఎన్‌బీఏ కొత్త నిబంధన పెట్టింది: డ్రాఫ్ట్‌కు రావాలంటే ఆ ఏడాదిలో 19 ఏళ్లు నిండాలి, హైస్కూల్ అయ్యాక కనీసం ఏడాది గడవాలి. 2006 డ్రాఫ్ట్ నుంచి అమలైంది. దాంతో మహా ప్రతిభ ఉన్న కుర్రాళ్లు ఒక్క ఏడాది కాలేజీలో గడిపి వెళ్లిపోవడం మొదలైంది. ఈ ఏర్పాటును అందరికన్నా ముందు, అందరికన్నా బాగా పట్టుకున్నవాడు కాలిపారి. ‘నా దగ్గర ఏడాది ఉండు, కోటీశ్వరుడివై వెళ్తావు’ అన్నదే అతను పిల్లల ఇళ్లలో చెప్పిన మాట సారాంశం. చెప్పినట్టే చేసి చూపించాడు కూడా. మెంఫిస్ నుంచి 2009లో వచ్చాడు, 2010 డ్రాఫ్ట్‌లో అతని ఆటగాడు జాన్ వాల్ మొదటి స్థానంలో ఎంపికయ్యాడు. అదే రాత్రి తొలి రౌండులో కెంటకీ నుంచి ఐదుగురు. కెంటకీ చరిత్రలోనే ఇంత గొప్ప రోజు లేదన్న ధోరణిలో కాలిపారి మాట్లాడాడు. అభిమానుల్లో కొందరికి ఆ మాట అప్పుడే ముల్లులా గుచ్చుకుంది. బ్యానర్ ఎగిరిన రోజు కదా గొప్ప రోజు, పిల్లలు ఇల్లు విడిచి వెళ్లిన రోజెలా అవుతుంది? ఆ ముల్లు అప్పటికి నొప్పి పెట్టలేదు, ఎందుకంటే జట్టు గెలుస్తోంది. తొలి ఆరు సీజన్లలో నాలుగుసార్లు ఫైనల్ ఫోర్, అంటే టోర్నమెంట్ చివరి నాలుగు జట్లలో చోటు. 2012లో ఆంథొనీ డేవిస్‌తో టైటిల్. 2014–15లో వరసగా 38 గెలుపులు, ఆపై విస్కాన్సిన్ చేతిలో సెమీఫైనల్లో ఒక్క ఓటమి. ఆ జట్టులో డెవిన్ బుకర్ బెంచి మీద నుంచి వచ్చి ఆడేవాడంటే ఆ రిక్రూటింగ్ ఏ స్థాయిదో ఊహించుకోవచ్చు.

తర్వాతి తొమ్మిది సీజన్లలో ఫైనల్ ఫోర్ ఒక్కటీ లేదు.

నక్షత్రాలు తగ్గాయా అంటే, లేదు. ఏటా రిక్రూటింగ్ జాబితాల్లో కెంటకీ మొదటి వరుసలోనే ఉంది. మరి మారిందేమిటి? ఇక్కడే అభిమానుల వాదన రెండుగా చీలుతుంది, కోపంలో ఆ రెండూ కలిసిపోతాయి కూడా. ఒకటి, పిల్లల్ని తెచ్చుకోవడం బాగుంది కానీ ఆడించడం చేతకావడం లేదని. రెండోది, అసలు తెచ్చుకునేదే తప్పుడు సరుకని. మన కార్పొరేట్ ఇంటర్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసినవాళ్లకు ఈ చిక్కు కొత్త కాదు. పదో తరగతి టాపర్లను ఏరి తెచ్చుకుని చేర్చుకున్న కాలేజీకి ర్యాంకులు వస్తే అది పాఠం చెప్పినవాళ్ల గొప్పా, చేరినవాళ్ల గొప్పా? ర్యాంకులు రాకపోతే తప్పెవరిది?

నక్షత్రాల లెక్కలో ఒక మోసం ఉంది, అది ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ మార్కులు ఎక్కువగా ఒక కుర్రాడు ఎంత ఎత్తుకు ఎదగగలడన్నదానికి వేసేవి, పంతొమ్మిదో ఏట మార్చి నెలలో ఎలా ఆడతాడన్నదానికి కాదు. పైగా ఎదుగుదలను కూడా అవి అన్నిసార్లూ పట్టలేవు. 2025లో ఎన్‌బీఏ మేటి ఆటగాడిగా నిలిచిన షే గిల్జస్-అలెగ్జాండర్ కెంటకీలో చేరేటప్పుడు ఐదు నక్షత్రాలవాడు కాదు, నాలుగే.

2015 దాకా ఈ తేడా అంతగా కనబడలేదు. ఎదుటి జట్లలోనూ ఎక్కువమంది ఇరవై, ఇరవై ఒక్క ఏళ్లవాళ్లే. ఆ తర్వాత నేల కదిలింది. 2018 అక్టోబర్‌లో, కాలేజీ మారదలచిన ఆటగాళ్ల పేర్లు నమోదయ్యే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో, కాలేజీ మారినవాడు ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న పాత నిబంధన తొలిసారి మారేవాళ్లకు తొలగిపోయింది. కోవిడ్ కారణంగా అందరికీ ఒక ఏడాది అదనంగా ఆడే అవకాశం ఇచ్చారు. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. వీటన్నిటి ఫలితంగా ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల దిట్టమైన మగవాళ్లతో నిండిన జట్లు మార్చి నెలలో ఎదురుపడడం మొదలైంది. అలాంటివాళ్ల ముందు పద్దెనిమిదేళ్ల కుర్రాడి భుజం ఆగదు. బంగారు పళ్లేనికైనా గోడ చేర్పు కావాలి. కాలిపారి పళ్లేలు తెస్తూనే ఉన్నాడు, గోడ కట్టడం ఆలస్యం చేశాడు.

అలాగని పూర్తిగా కట్టలేదనడం అన్యాయం. చీబ్వే వెస్ట్ వర్జీనియా నుంచి వచ్చినవాడే, రీవ్స్ కూడా బయటినుంచి వచ్చినవాడే. కానీ ఓక్లండ్ ఓటమి తర్వాత కూడా, తాను జీవితమంతా కుర్రాళ్ల జట్లతోనే పనిచేశానని, అది మార్చుకోవడం కష్టమని కాలిపారి చెప్పుకొచ్చాడు. నిజాయితీగా చెప్పిన మాటే. ఆ మాట విన్న లెక్సింగ్టన్ అభిమానికి మాత్రం వచ్చే ఏడాది మార్చి కూడా ఇలాగే ఉంటుందని వినబడింది.

కోచింగ్ మీద ఫిర్యాదులు విడిగా చూడాలి, ఎందుకంటే అవన్నీ సమానంగా నిలబడవు. ‘ఆఖరి నిమిషాల్లో టైమ్‌అవుట్ తీసుకోడు’, ‘అరిచి కుర్రాళ్లను బెదరగొడతాడు’ లాంటివి ఓడిన ప్రతి కోచ్ మీదా పడేవే. గెలిస్తే అవే గుణాలు ధైర్యమూ పట్టుదలా అవుతాయి. బలమైన ఫిర్యాదు మరొకటుంది. ఆట మూడు పాయింట్ల గీత వెనక్కి జరిగిపోతుంటే, చాలా ఏళ్లు కెంటకీ గీత లోపలే కిక్కిరిసి ఆడింది. విచిత్రమేమంటే 2023–24 జట్టు దీనికి జవాబు చెప్పింది. షెపర్డ్, డిల్లింగ్‌హామ్, రీవ్స్ షాట్లతో దాడిలో దేశంలోని అత్యుత్తమ జట్లలో ఒకటైంది. కానీ డిఫెన్స్ లెక్కల్లో తొలి వందలో కూడా చోటు దక్కలేదు. ఎవడు షూటరో చూసుకుని, అతని సహచరులు అడ్డంగా నిలబడి కట్టే తెరలు దాటుకుంటూ అతని వెంటపడి, చేతిలోకి బంతి రాకుండా అడ్డుకోవడం ప్రతిభతో వచ్చేది కాదు. నవంబర్ నుంచి ప్రాక్టీసులో వందలసార్లు చేయిస్తే వచ్చేది. పిట్స్‌బర్గ్‌లో గోల్కీకి దొరికిన ఆ ఖాళీలు నక్షత్రాలు తక్కువై ఏర్పడ్డవి కావు. ఈ ఒక్క విషయంలో అభిమానుల కోపం సరైన గుమ్మం ముందే నిలబడింది.

కెంటకీలో ఈ కోపానికి పాత చరిత్ర కూడా ఉంది. టబ్బీ స్మిత్ తొలి సీజన్లోనే టైటిల్ తెచ్చాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఫైనల్ ఫోర్ దాకా వెళ్లలేకపోయాడు, అయినా అతని హయాం మొత్తం మీద 263 గెలుపులు, 83 ఓటములే. జనం అతనికి పెట్టిన ముద్దుపేరు ‘పది ఓటముల టబ్బీ’. అప్పటి ఫిర్యాదు కాలిపారి మీద ఫిర్యాదుకు సరిగ్గా తిరగేసిన బొమ్మ: కోచింగ్ ఫరవాలేదు, డిఫెన్స్ గట్టిది, కానీ పేరున్న కుర్రాళ్లను తేలేకపోతున్నాడని. ఆ ఊరి తొలి నల్లజాతి కోచ్ మీద కురిసిన ఆ మాటలన్నీ బాస్కెట్‌బాల్ గురించే అనుకోవడం అమాయకత్వం. 2007లో అతను మినెసోటా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన బిల్లీ గిలిస్పీ రిక్రూటింగ్‌లో ఎంత దూకుడు చూపాడంటే, 2008లో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు కెంటకీకి ఆడతానని మాటిచ్చేశాడు. ఆ పిల్లవాడు కెంటకీ జెర్సీ ఎన్నడూ వేసుకోలేదు. గిలిస్పీ రెండేళ్లకే ఇంటికి పోయాడు. రిక్రూటింగ్ లేదన్న కోపం నుంచే కాలిపారి పిలుపు పుట్టింది. రిక్రూటింగ్ తప్ప ఏమీ లేదన్న కోపంతో అతని కాలం ముగిసింది.

మరి ఓక్లండ్ తర్వాత వెంటనే ఎందుకు తీసేయలేదు? డబ్బు. 2019లో కాలిపారి మీద యూసీఎల్ఏ యూనివర్సిటీ కన్నేసిందన్న కబురు రాగానే కెంటకీ పదేళ్లకు దాదాపు 8.6 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది, జీవితకాల ఒప్పందమని గొప్పగా చెప్పుకున్నారు. 2024 వసంతంలో అతన్ని తీసేయాలంటే సుమారు 3.3 కోట్ల డాలర్లు చేతిలో పెట్టి పంపాలి. కాలిపారియే కొనసాగుతాడని క్రీడా విభాగం అధిపతి మిచ్ బార్న్‌హార్ట్ ప్రకటించాడు. సుమారు రెండు వారాలకే కాలిపారి తనంతట తానే అర్కాన్సా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. కెంటకీకి దమ్మిడీ ఖర్చు లేకుండా చిక్కు విడిపోయింది. భయంతో రాసుకున్న ఒప్పందం భయపెట్టినవాడు లేచి వెళ్లేదాకా మెడకు చుట్టుకునే ఉంది. ఇందులో కోచ్ తప్పు ఏమీ లేదు, ఇస్తానంటే ఎవరు కాదంటారు?

కొత్త కోచ్ కోసం బేలర్ నుంచి స్కాట్ డ్రూ, యూకాన్ నుంచి డాన్ హర్లీ వస్తారని జనం కలలు కన్నారు. వాళ్లు రాలేదు. 2024 ఏప్రిల్ 12న బీవైయూ అనే యూనివర్సిటీ కోచ్ మార్క్ పోప్ పేరు బయటికి రాగానే మళ్లీ మంటలు. పోప్ 1996 టైటిల్ జట్టుకు కెప్టెన్. కానీ హెడ్ కోచ్‌గా ఆ జాతీయ (ఎన్‌సీఏఏ) టోర్నమెంట్‌లో అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. రెండు రోజుల తర్వాత పరిచయ సభకు రప్ ఎరీనా నిండిపోయింది. పాత సహచరులతో కలిసి బస్సు దిగి, 1996 ట్రోఫీతో లోపలికొచ్చాడు. బ్యానర్లు గెలవడానికే వచ్చానన్నాడు. నలభై ఎనిమిది గంటల క్రితం నిట్టూర్చిన జనమే లేచి చప్పట్లు కొట్టారు. ఏ ఒక్క కుర్రాడూ సంతకం పెట్టలేదు, ఏ ఒక్క ఎత్తుగడా బోర్డు మీద గీయలేదు. తమ భాష మాట్లాడేవాడొకడు దొరికాడు, అంతే. పదిహేనేళ్లుగా జనం అడుగుతున్నదాంట్లో రిక్రూటింగ్, కోచింగ్ కాక మూడోదొకటి ఉందని ఆ ఆదివారం బయటపడింది.

పోప్ చేతికి అందిన జట్టులో తిరిగొచ్చే స్కాలర్‌షిప్ ఆటగాడు ఒక్కడూ లేడు. సున్నా. పోర్టల్ నుంచి పెద్దవాళ్లను ఏరుకొచ్చాడు: శాన్ డియేగో స్టేట్ నుంచి లమాంట్ బట్లర్, డేటన్ నుంచి కోబీ బ్రే, డ్రెక్సెల్ నుంచి అమారీ విలియమ్స్, ఓక్లహోమా నుంచి ఒటేగా ఓవే. ఎవరూ ఐదు నక్షత్రాల పద్దెనిమిదేళ్లవాళ్లు కాదు. ఆ నవంబర్‌లోనే డ్యూక్‌ను 77–72తో ఓడించారు. గాయాలు వెంటాడినా 24–12తో సీజన్ ముగించి చివరి పదహారు జట్లలో నిలిచారు. మధ్యలో, 2025 ఫిబ్రవరి 1న, కాలిపారి ఎర్ర రంగు జట్టుతో రప్ ఎరీనాకు వచ్చాడు. అతని వెంట కెంటకీ వదిలి వెళ్లిన ముగ్గురు ఆటగాళ్లున్నారు. జనం గోల గోలగా ఛీకొట్టారు. అర్కాన్సా 89–79తో గెలిచి వెళ్లింది. ఆ మార్చిలో అర్కాన్సా కూడా చివరి పదహారులోకి వచ్చింది, అదీ పిటీనో కోచ్‌గా ఉన్న సెయింట్ జాన్స్‌ను ఓడించి. విడాకుల తర్వాత రెండిళ్లూ ఒకే మెట్టు మీద ఆగాయి.

తర్వాతి ఏడాది కోపానికి కొత్త కొలత వచ్చింది. 2025 జూన్‌లో, ఆటగాళ్లకు డబ్బు దక్కాలంటూ నడిచిన హౌస్ కేసు ఒప్పందానికి కోర్టు ఆమోదం దొరికి, కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వడం మొదలైంది. 2025–26లో ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చన్నారు. ఎన్‌ఐఎల్ ఒప్పందాలు దానికి అదనం. కెంటకీ 2025–26 బాస్కెట్‌బాల్ జట్టు ఖరీదు 2.2 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. ఇదివరకు ఓడితే ‘మన కుర్రాళ్లు’ ఓడారు. ఇప్పుడు జట్టుకొక ధర ఉంది, ఆ ధరలో మంచి సీటు కోసం టికెట్‌తో పాటు ఏటా విరాళం కట్టే అభిమాని వాటా ఉంది. డబ్బు పెట్టినవాడి ప్రశ్న వేరేగా ఉంటుంది. లూయివిల్ చేతిలో 96–88తో, మిషిగన్ స్టేట్ చేతిలో 83–66తో ఓడినప్పుడు వినబడిన గొణుగుడు డిసెంబర్ 5న నాష్‌విల్‌లో బయటికే వచ్చేసింది. గొంజాగా 94, కెంటకీ 59. కెంటకీ నీలం చొక్కాలతో నిండిన ఆ హాల్లో సొంత జట్టునే ఛీకొట్టారు.

అప్పటికి అదే జట్టులో జేడెన్ క్వెయింటెన్స్ అనే పొడుగు కుర్రాడు మోకాలి గాయంతో మామూలు దుస్తుల్లో కూర్చుని ఉన్నాడు. అతన్ని తెచ్చుకోవడం రిక్రూటింగ్ అయితే, అతను లేకుండా గెలవలేకపోవడం ఏ పద్దులో రాయాలన్నది ఆ వారమంతా తెగని వాదన. డిసెంబర్ 20న అట్లాంటాలో అతను తొలిసారి బరిలోకి దిగాడు. ఎదుటి బెంచి దగ్గర నిలబడ్డది సెయింట్ జాన్స్ కోచ్ పిటీనో, 1996లో పోప్‌కు ఆట నేర్పిన గురువు. విరామానికి వెనకబడి ఉన్న కెంటకీ 78–66తో గెలిచింది.